నాన్నకు పాలసీ ఇవ్వనన్నారు, ఆ రోజునుంచి అన్నయ్యకూ నాకూ పడటం లేదు

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆఫీసు గ్రూపు పాలసీ ఉండేది, రిటైరయ్యాక అది పోయింది. సొంతంగా ఒకటి తీసుకుందామంటే మొదటి కంపెనీ ఇవ్వనంది. రెండోది ఇస్తానంది గానీ, మా ఇంట్లో మిగతా అందరి ప్రీమియం కలిపినా అంత కాదు. పైగా షుగర్‌తో ముడిపడిన జబ్బులకు మొదటి కొన్నేళ్ళు క్లెయిము ఉండదట. అన్నయ్య మండిపడుతున్నాడు. ఈ ప్రైవేటు కంపెనీలన్నీ మూసేసి ఇన్సూరెన్సు మొత్తం ప్రభుత్వమే నడపాలంటాడు. నాకు ఆ మాట మింగుడుపడదు. ప్రభుత్వం చేతిలో పెడితే నెలల తరబడి క్యూలు, ఉచితం కదా అని అవసరం లేనివాళ్ళు కూడా ఎగబడటం, నాణ్యత పట్టించుకునే నాథుడు లేకపోవడం, ఇదే జరుగుతుందని నా నమ్మకం. పోటీ ఉంటేనే ఎవరైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు. మొన్న ఫోన్‌లో ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. పక్కగదిలోంచి నాన్న వచ్చి, "నాకు ఏ పాలసీ వద్దు, నా మూలంగా మీరిద్దరూ దూరం కావద్దు" అన్నారు. మా ఇద్దరిలో ఎవరి మాట సరైనది? నాన్న విషయంలో ఏం చేయాలి?

— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో నా మనసును పట్టి ఆపింది మీ నాన్నగారి మాట. ఏళ్ళ తరబడి గ్రూపు పాలసీలో ఉండి, దాని అవసరం పెద్దగా పడని వయసంతా అందులోనే గడిపి, ఇప్పుడు అవసరమయ్యే వయసులో గుమ్మం బయట నిలబడ్డారు. తప్పేదో తనదైనట్టు తనే పక్కకు తప్పుకుంటున్నారు. ముందు ఆయన దగ్గర కూర్చుని చెప్పండి, ఇందులో ఆయన తప్పు వీసమెత్తు లేదని. మిగతా మాటలు ఆ తరవాత.

నేను పంతొమ్మిదేళ్ళు ఒక ప్రైవేటు ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిముల విభాగంలో పనిచేశాను. మీ నాన్నగారి లాంటి దరఖాస్తులు ఎందుకు వెనక్కి వెళతాయో నాకు లోపలినుంచి తెలుసు. వాటిని వెనక్కి పంపేవాళ్ళు కఠినులేం కాదు. వాళ్ళ ఇళ్ళల్లోనూ షుగర్ ఉన్న తండ్రులుంటారు. అయినా ఆ కుర్చీలో కూర్చున్నాక వాళ్ళు చేయగలిగింది అదే. ఎందుకో అర్థమైతే మీ అన్నాచెల్లెళ్ళ తగాదాలో సగం ఆవిరైపోతుంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

వందమంది ఒక నిధి పెట్టుకున్నారనుకోండి. ఏడాదిలో వాళ్ళలో పదిమందికి పెద్ద జబ్బు చేస్తుంది, ఒక్కొక్కరికి వంద వంతుల ఖర్చు. మొత్తం వెయ్యి వంతులు. వందమందీ కడితే తలకు పది వంతులు. ఇప్పుడు ఆ వందలో ఒంట్లో బాగా సత్తువ ఉన్న నలభై అయిదుగురు, "మనకెందుకు ఈ దండగ" అనుకుని వెళ్ళిపోయారు. జబ్బుపడేవాళ్ళు మాత్రం కదల్లేదు. ఖర్చు అదే వెయ్యి, కట్టేవాళ్ళు యాభై అయిదుగురు. తలకు పద్దెనిమిది దాటింది. ఆ పద్దెనిమిది చూసి ఇంకో పాతికమంది లేచారు. మిగిలిన ముప్ఫైమందికి తలకు ముప్ఫై మూడు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, ఎవరూ లాభం దండుకోలేదు. అయినా నిధి కూలిపోతోంది.

ఇది కాగితం మీది లెక్క అనుకునేరు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1995లో తన ఉద్యోగులకిచ్చే ఇన్సూరెన్సు పద్ధతి మార్చింది. అంతకుముందు ఖరీదైన ప్లానుకు యాజమాన్యమే ఎక్కువ భారం మోసేది. ఆ ఏటినుంచి ఏ ప్లాను తీసుకున్నా ఒకే మొత్తం ఇస్తాం, మిగతాది మీరే కట్టుకోండి అంది. వయసులో ఉన్నవాళ్ళు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు చవక ప్లానులోకి మారిపోయారు. ఖరీదైన ప్లానులో జబ్బులున్నవాళ్ళు మిగిలారు, దాని ప్రీమియం ఎగబాకింది, ఇంకొందరు దిగిపోయారు. 1997 నాటికి ఆ ప్లానునే ఎత్తేయాల్సి వచ్చింది. ఆర్థికశాస్త్రం బోధించే చోటే ఇది జరిగింది. తెలివితేటలు దీన్ని ఆపలేవు.

మీ నాన్నగారి వయసు గురించి కూడా ఒక మాట. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల అమ్మకం గురించి ఒక వ్యాసం రాశారు. తరవాత 2001లో నోబెల్ అందుకున్నారాయన. లోపం సంగతి అమ్మేవాడికే తెలిసిన సంతలో మంచి సరుకు ఎలా మాయమవుతుందో అందులో చెబుతూ, 65 దాటినవాళ్ళకు ఆరోగ్య బీమా దొరకకపోవడం కూడా ఇలాంటిదేనన్నారు. ముసలివాళ్ళకు ప్రమాదం ఎక్కువైతే ధర పెంచి అమ్మవచ్చుగా, అసలు ఎందుకు అమ్మరు అన్నది ఆయన ప్రశ్న. ధర పెంచేకొద్దీ, తనకు తప్పకుండా జబ్బు చేస్తుందని తెలిసినవాడే కొంటాడు. అప్పుడు ఆ పెంచిన ధర కూడా చాలదు. మీరు వెళ్ళిన మొదటి కంపెనీ తలుపు వేసేయడానికీ, రెండోది అంత ప్రీమియం చెప్పడానికీ మూలం ఇదే.

ఇక మీ వాదన దగ్గరికి వద్దాం. పోటీ ఉంటేనే పని జరుగుతుందన్నారు. నిజమే. అయితే పోటీ దేనిమీద అన్నది అడగాలి. క్లెయిము తొందరగా తీర్చడం మీదా, మంచి ఆసుపత్రులతో గట్టిగా బేరమాడటం మీదా పోటీ జరిగితే అందరికీ మంచిదే. కానీ ఎవర్ని చేర్చుకోవాలో కంపెనీయే ఎంచుకునే చోట, అన్నిటికంటే చవగ్గా గెలిచే మార్గం ఒకటుంది. ఆరోగ్యవంతుల్ని ఏరుకోవడం. మంచి సేవ చేయడానికి డబ్బు ఖర్చవుతుంది, మీ నాన్నగారికి వద్దనడానికి ఒక ఉత్తరం చాలు. ఇలాంటి పోటీలో మంచి కంపెనీ కూడా చెడ్డదాని దారే పట్టాలి, లేకపోతే మిగతావాళ్ళు వద్దన్న రోగులంతా దాని నెత్తిమీదికొస్తారు. నేను పనిచేసిన చోట పెద్దలు ఈ మాట దాచుకునేవాళ్ళు కాదు.

ఆ ఏరుకునే వీలు తీసేస్తే ప్రైవేటు వ్యవస్థ కూడా పనిచేస్తుంది. మీ అన్నయ్య దీన్ని ఒప్పుకోవాలి. స్విట్జర్లాండ్ సంగతి చెప్పండి. 1996నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం అక్కడ ప్రతి మనిషీ ప్రాథమిక ఆరోగ్య బీమా కొనితీరాలి. అమ్మేవి ప్రైవేటు సంస్థలే. కానీ అడిగిన ఎవరినీ కాదనకూడదు, జబ్బున్నవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకోకూడదు, ఆ ప్రాథమిక పాలసీ మీద లాభం పంచుకోకూడదు. లాభం కావాలంటే అదనపు పాలసీల మీద చూసుకోవచ్చు. ప్రభుత్వమే ఒకే ఒక్క నిధి నడపాలా అని అక్కడి ప్రజల్ని 2007లో ఓసారి, 2014లో మరోసారి ఓటు ద్వారా అడిగితే రెండుసార్లూ వద్దన్నారు. 2014లో దాదాపు 62 శాతం మంది వద్దన్నవాళ్ళే. అలాగని హాయిగా ఉన్నారనుకోకండి, ఏటేటా పెరిగే ప్రీమియం అక్కడ పెద్ద గోల. తక్కువ ఆదాయం వాళ్ళకు ప్రభుత్వం సాయం చేస్తే తప్ప కట్టలేరు.

నెదర్లాండ్స్‌లో 2006నుంచి దాదాపు ఇదే పద్ధతి. అందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. జబ్బు మనుషులు ఎక్కువగా చేరిన కంపెనీకి ఒక ఉమ్మడి నిధినుంచి ఎక్కువ డబ్బు అందుతుంది, ఆరోగ్యవంతులే ఎక్కువున్న కంపెనీకి తక్కువ. మీ నాన్నగారిలాంటి మనిషి వస్తే కంపెనీకి ఆయన భారం కాడు, ఆయనతోపాటు ఆయనకు సరిపడా డబ్బు కూడా వస్తుంది. షుగర్ రోగుల్ని బాగా చూసుకునే కంపెనీకి అది నష్టం కాకుండా పోతుంది. మీరు కోరుకునే పోటీ ఇలాంటి చోట పుడుతుంది. పైనుంచి ప్రభుత్వం చాలా గట్టిగా పట్టుకుంటేనే పుడుతుంది.

జర్మనీ ఇంకా పాతకథ. అక్కడి చాన్సలర్ బిస్మార్క్ 1883లో కార్మికుల జబ్బు బీమా చట్టం తెచ్చాడు. చందాలో మూడింట రెండు వంతులు కార్మికుడివి, ఒక వంతు యజమానిది. ఆ నిధుల్ని నడిపేది ప్రభుత్వ శాఖ కాదు, లాభాల కంపెనీ కూడా కాదు. కార్మికులూ యజమానులూ కలిసి నడుపుకునే సంస్థలు. వాటి వారసులే ఈనాటికీ దేశంలో దాదాపు 90 శాతం మందిని చూసుకుంటున్నాయి. చందా జీతాన్నిబట్టి ఉంటుంది, జబ్బునుబట్టి కాదు. కొంత స్థాయి దాటి సంపాదించేవాళ్ళు, సొంత వ్యాపారం చేసుకునేవాళ్ళు, ప్రభుత్వోద్యోగులు ప్రైవేటు బీమాకు వెళ్ళవచ్చు. వయసులో ఉన్నప్పుడు అది చవగ్గా, దర్జాగా ఉంటుంది. వయసు మీదపడేకొద్దీ ప్రీమియం బరువెక్కుతుంది, అప్పుడు పాత నిధిలోకి తిరిగి వద్దామంటే 55 దాటాక దాదాపు కుదరదు. వయసులో బయటికెళ్ళి ముసలితనంలో తిరిగొస్తే లోపలున్నవాళ్ళకు అన్యాయం కదా అన్నది ఆ నిబంధన వెనకున్న ఆలోచన. నిధిని కాపాడటానికి ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి.

ఇప్పుడు మీ అన్నయ్య వైపు నిలబడి మాట్లాడతాను, ఎందుకంటే ఆయన కోపంలో చాలా న్యాయముంది. తైవాన్‌లో 1995 దాకా కార్మికులకు ఒక పథకం, రైతులకు ఒకటి, ప్రభుత్వోద్యోగులకు ఒకటి ఉండేవి. జనాభాలో దాదాపు 40 శాతం మంది వేటిలోనూ లేరు. మిగిలిపోయినవాళ్ళలో ఎక్కువమంది పిల్లలూ, ముసలివాళ్ళూ, ఉద్యోగం లేనివాళ్ళూ. 1995 మార్చి 1న అన్నీ కలిపి ఒకే ప్రభుత్వ బీమా చేశారు. ఒకటి రెండేళ్ళలోనే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా లోపలికి వచ్చారు. ఆసుపత్రులు చాలావరకు ప్రైవేటువే, రోగి తనకు నచ్చిన డాక్టరు దగ్గరికి వెళతాడు. మీరు భయపడే క్యూలు అక్కడ పెద్ద సమస్య కాలేదు. సమస్య ఇంకోటి వచ్చింది. రోగులు మాటిమాటికీ వెళతారు, డాక్టరు ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలే ఇవ్వగలడు.

ఇక్కడ మీ ఇద్దరూ కలిపేసి మాట్లాడుతున్న రెండు సంగతుల్ని విడదీయాలి. బీమా ఎవరిది అన్నది ఒకటి, వైద్యం చేసేది ఎవరు అన్నది వేరొకటి. బ్రిటన్‌లో 1948 జులై 5న మొదలైన ఆరోగ్య సేవలో డబ్బు పన్నులనుంచి వస్తుంది, ఆసుపత్రులు కూడా చాలావరకు ప్రభుత్వానివే. అక్కడ బీమా పాలసీ అన్న మాటే రాదు. కెనడాలో ప్రభుత్వం బీమాదారు మాత్రమే, డాక్టర్లలో ఎక్కువమంది స్వతంత్రంగా ప్రాక్టీసు పెట్టుకున్నవాళ్ళు. అమెరికాలో 65 దాటినవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే మెడికేర్‌లో ఇప్పుడు సగానికి పైగా ప్రైవేటు కంపెనీల ప్లానుల్లో ఉన్నారు, డబ్బు ప్రభుత్వానిది. కాబట్టి "ప్రభుత్వ బీమా" అనగానే మీ కళ్ళముందు రంగు వెలిసిన వార్డూ, "ప్రైవేటు" అనగానే మీ అన్నయ్య కళ్ళముందు దోపిడీ కౌంటరూ కనిపిస్తుంటే, మీరు వేరువేరు వస్తువుల గురించి పోట్లాడుకుంటున్నారన్నమాట.

క్యూల గురించి మీ భయం ఉత్తది కాదు. మా అత్తగారి మోకాలి ఆపరేషన్ కోసం ఒక ప్రభుత్వ పథకం కింద పదకొండు నెలలు ఆగాం. ఆ పదకొండు నెలల్లో ఆవిడ మెట్లెక్కడం మానేశారు, తరవాత గుమ్మం దాటడం మానేశారు. ఆపరేషన్ బాగానే అయింది, కానీ అప్పటికి కాళ్ళలో కండ కరిగిపోయింది. జాబితాలో మన వంతు ఎన్నో అడిగితే చెప్పేవాళ్ళు కూడా లేరు. కెనడాలో తుంటి ఆపరేషన్ కోసం ఎదురుచూసిన రోగి ఒకరు కోర్టుకెక్కారు. క్యూబెక్ రాష్ట్రంలో ప్రభుత్వ బీమా ఇచ్చే సేవలకు ప్రైవేటు బీమా అమ్మడం అప్పట్లో నిషేధం. ఇంత ఆలస్యమయ్యేచోట ఆ నిషేధం అక్కడి హక్కుల చట్టానికి విరుద్ధమని 2005లో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మాటగా తీర్పిచ్చింది, ముగ్గురు కాదన్నారు. దగ్గర దగ్గరగా చీలిపోయిన తీర్పు. అందరినీ లోపలికి తెచ్చి, లోపల సరిపడా డాక్టర్లనూ మంచాలనూ పెట్టకపోతే, చేతిలో కార్డు ఉండీ వైద్యం అందదు. అన్నయ్య దీనికి సమాధానం చెప్పాలి, "ప్రభుత్వం నడపాలి" అన్న ఒక్కమాటతో తప్పించుకోకూడదు.

అయినా ఒకటి గమనించాను. క్యూలో ఉన్నవాళ్ళ పేర్లు ఏదో ఒక జాబితాలో ఉంటాయి. వాళ్ళను లెక్కపెట్టవచ్చు, పత్రికలు రాయవచ్చు, ఎన్నికల్లో అడగవచ్చు. పాలసీ దొరకనివాళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. వాళ్ళు ఇంట్లో కూర్చుని "నాకేం వద్దులే" అంటారు. మీ నాన్నగారు అన్నట్టే. ప్రైవేటు వ్యవస్థలో క్యూలు లేవని చెప్పేటప్పుడు ఈ ఎదురుచూపును మనం లెక్కలోకి తీసుకోవడం లేదు.

లోపల చేరినవాళ్ళ కథ కూడా చెప్పాలి. క్లెయిముల విభాగంలో నేను చేరిన ఎనిమిదో ఏట ఒక ఫైలు వచ్చింది. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన మనిషిది. పాలసీ తీసుకునేటప్పుడు తనకు బీపీ ఉందని ప్రపోజల్ ఫారంలో రాయలేదు. రాయక్కర్లేదని ఏజెంటు చెప్పాడట. ఆసుపత్రి కాగితాల్లో "గత ఆరేళ్ళుగా బీపీ" అని ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం కింద నేనే ఎర్రగీత గీశాను, క్లెయిము తిరస్కరిస్తూ ఉత్తరం తయారుచేసి సంతకం పెట్టాను. నిబంధన ప్రకారం తప్పు లేదు. ఆయన భార్య మూడుసార్లు ఆఫీసుకొచ్చింది. మూడోసారి ఏమీ అడగలేదు, కాగితాలు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ ఎర్రగీత ఇంకా నా కళ్ళలో ఉంది. ఎవరికి ఏ జబ్బుందో తవ్వడం మీద వ్యాపారం నిలబడినప్పుడు, నాలాంటి వందలమందికి ఆ తవ్వడమే ఉద్యోగం. అందరూ పుట్టుకతోనే లోపలుండే వ్యవస్థలో ఆ ఉద్యోగానికి పనే ఉండదు.

దానికి డబ్బు ఖర్చు కూడా ఉంది. అమెరికాలో 2010 చట్టం ఇన్సూరెన్సు కంపెనీలకు ఒక గీత గీసింది. వసూలైన ప్రీమియంలో కనీసం 80 శాతం, పెద్ద గ్రూపులకైతే 85 శాతం, వైద్యానికీ దాని నాణ్యతకూ ఖర్చుపెట్టాలి, లేకపోతే మిగిలింది తిరిగివ్వాలి. అంటే ఇరవై శాతం దాకా ఆఫీసులకూ ఏజెంట్లకూ ప్రకటనలకూ లాభాలకూ పోయినా చట్టం ఒప్పుకుంటుందన్నమాట. తైవాన్‌లో ఒకే నిధి కాబట్టి నిర్వహణ ఖర్చు రెండు శాతం లోపే. అయితే దీన్ని పట్టుకుని అన్నయ్య ఎగిరి గంతేయకూడదు. తక్కువ ఖర్చుతో నడిచే వ్యవస్థలో దొంగ బిల్లులు పట్టుకునే మనుషులు కూడా తక్కువుంటే, మిగిలిందనుకున్న డబ్బు వేరేదారిలో పోతుంది.

అదే చట్టం 2014నుంచి, జబ్బుందని ఎవరినీ కాదనకూడదంది. దానికి జోడీగా ప్రతివాళ్ళూ బీమా తీసుకోవాలి, లేకపోతే జరిమానా అంది. ఆ జరిమానాను 2019నుంచి సున్నా చేశారు. తక్కువ ఆదాయం వాళ్ళ ప్రీమియంలో ప్రభుత్వం సాయం ఇస్తున్నందువల్ల నిధి నిలబడింది గానీ, ఆ దేశంలో ఇంకా రెండున్నర కోట్లకు పైగా జనానికి ఏ బీమా లేదు. దేశ ఆదాయంలో 17 శాతానికి పైగా వైద్యానికి పోస్తూ కూడా ఆ పరిస్థితి.

ఉచితమైతే ఎగబడతారన్నారు. దీనిమీద 1970లలో అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ పెద్ద ప్రయోగమే చేసింది. కొన్ని కుటుంబాలకు వైద్యం పూర్తి ఉచితం, కొన్నిటికి ఖర్చులో వాటా. ఉచితంగా ఉన్నవాళ్ళు సుమారు 30 శాతం ఎక్కువ వాడారు, అంతవరకు మీ మాట నిజం. కానీ జేబులోంచి కట్టాల్సినవాళ్ళు అక్కర్లేని వైద్యంతోపాటు అవసరమైన వైద్యాన్నీ మానేశారు. ఏది అవసరమో రోగికి ముందే తెలియదు కదా. పేదవాళ్ళలో, బీపీ ఉన్నవాళ్ళలో, ఉచిత వైద్యం అందినవాళ్ళకే బీపీ బాగా అదుపులోకి వచ్చింది.

ఎవరి మాట సరైనదని అడిగారు కాబట్టి నా అభిప్రాయం దాచను. ప్రాణానికి సంబంధించిన ప్రాథమిక వైద్యం వరకు అందరూ ఒకే నిధిలో ఉండాలి, చందా ఆదాయాన్నిబట్టి ఉండాలి, ఎవరినీ కాదనే హక్కు ఎవరికీ ఉండకూడదు. ఆ నిధిని ప్రభుత్వం నడిపినా, జర్మనీలోలా లాభాపేక్ష లేని సంస్థలు నడిపినా నాకు అభ్యంతరం లేదు. రెంటిలో ఒకటి ఎంచుకోమంటే ప్రభుత్వానికే ఓటేస్తాను, నేను గీసిన ఎర్రగీత అలా వేయిస్తుంది. ఆపైన వేరే గది, విదేశంలో వైద్యం, పళ్ళు, కళ్ళద్దాలు లాంటి వాటికి ప్రైవేటు కంపెనీలు అమ్ముకోనివ్వండి. ప్రభుత్వ బీమా ఉన్నచోటా ఖాళీలుంటాయి. 1965 చట్టంతో వచ్చిన మెడికేర్‌లో ఇంటి దగ్గర వాడే మందులకు బీమా 2006లోగానీ రాలేదు. కెనడా చట్టం కూడా ఆసుపత్రి బయట వాడే మందుల్ని చేర్చలేదు, అక్కడ చాలామంది దానికోసం ప్రైవేటు పాలసీ పెట్టుకుంటారు. అన్నీ మూసేయమనే మీ అన్నయ్యకు ఇది చెప్పండి. పోటీయే చాలంటున్న మీరు మాత్రం, మీ నాన్నగారి చేతికి వచ్చిన తిరస్కరణ ఉత్తరాన్ని మరోసారి చదవండి. అది కూడా పోటీలోంచి పుట్టిందే.

ఇంత చెప్పినా ఇవాళ్టికి మీ నాన్నగారి చేతిలో ఏమీ లేదు. చట్టాలు మారేదాకా ఆయన షుగర్ ఆగదు. కాబట్టి ఇప్పుడు చేయగలిగిన పనులు.

ఏ ఫారం నింపినా షుగర్ సంగతి, అది మొదలైన సంవత్సరంతో సహా రాయండి. ఏజెంటు వద్దన్నా రాయండి. ప్రీమియం కొంత పెరుగుతుంది, కానీ ఆ పాలసీ అవసరమైన రోజున మీకు పనికొస్తుంది. దాచి తీసుకున్న పాలసీ పనికొచ్చే పాలసీ కాదు, నా బల్లమీదికి వచ్చిన ఆ ఫైలే అందుకు సాక్షి. కాదన్న కంపెనీని కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. షుగర్ ఎన్నేళ్ళుగా అదుపులో ఉందో చూపే పరీక్ష కాగితాలు, డాక్టరు ఉత్తరం జతచేసి మళ్ళీ చూడమనండి. వయసు, జబ్బు పేరు చూసి తోసేసిన దరఖాస్తు, అసలు కాగితాలు చూశాక మారడం నేను చాలాసార్లు చూశాను.

ఆయన పాత ఆఫీసు వాళ్ళను అడగండి. గ్రూపు పాలసీలో ఉన్నవాళ్ళు రిటైరయ్యాక అదే కంపెనీ దగ్గర సొంత పాలసీకి మారే వీలు కొన్నిచోట్ల ఉంటుంది, సాధారణంగా దానికో గడువు ఉంటుంది. గడువు దాటిపోకముందే కనుక్కోవాలి. అంతకుముందు గ్రూపులో ఉన్న కాలాన్ని, క్లెయిము ఉండని ఆ మొదటి కొన్నేళ్ళ వెయిటింగ్ పీరియడ్‌లో కలుపుతారేమో కూడా అదే ఉత్తరంలో అడగండి. మీరో మీ అన్నయ్యో పనిచేసేచోట గ్రూపు పాలసీలో తల్లిదండ్రుల్ని చేర్చుకునే వీలుంటే ముందు దాన్నే పట్టుకోండి. గ్రూపులో మనిషి మనిషికీ జబ్బు తవ్వరు, పైన చెప్పిన వందమంది నిధికి అదో చిన్న రూపం. ఆయనకు అర్హత ఉన్న ప్రభుత్వ పథకం ఏదైనా ఉంటే, అభిప్రాయభేదాలు పక్కనపెట్టి పేరు రాయించండి. ఏ ఆసుపత్రులు దానికింద నిజంగా చేర్చుకుంటున్నాయో ఫోన్‌లో కాదు, వెళ్ళి కౌంటర్ దగ్గర అడిగి తెలుసుకోండి.

రెండో కంపెనీ ఇస్తానన్న పాలసీని వెంటనే తోసిపుచ్చకండి. షుగర్‌తో సంబంధం లేనివాటికి, అంటే ఎముక విరగడం, అపెండిక్స్, ప్రమాదం లాంటివాటికి అది మొదట్నుంచీ ఎంతవరకు వర్తిస్తుందో రాసిమ్మని అడగండి. గుండె, మూత్రపిండాలు, కళ్ళు, ఈ మూడింటిలో వేటిని షుగర్ లెక్కలో వేస్తారో పేరుపేరునా చెప్పించుకోండి. తగాదాలన్నీ అక్కడే వస్తాయి. పెద్ద మొత్తానికి ఒక పాలసీ, దానికింది చిన్న ఖర్చులు మనమే పెట్టుకునే పద్ధతి దొరికితే ప్రీమియం బాగా తగ్గుతుంది. ఆ వెయిటింగ్ కాలానికి మీరిద్దరూ కలిసి నెలనెలా కొంత పక్కనపెట్టగలరేమో చూడండి. ఆ డబ్బు ఒకరి పేరుమీద కాకుండా నాన్నగారి పేరుమీదే ఉండనివ్వండి.

ఒక సంగతి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. మీ ఇద్దరికీ ఇప్పుడు వయసుంది, ఒంట్లో ఏ జబ్బూ లేదనుకుంటాను. ఆఫీసు గ్రూపు ఉంది కదా అని ఊరుకోకుండా సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. మీ నాన్నగారికి ఆ మాట చెప్పేవాళ్ళు లేకపోయారు.

అన్నయ్యకు మీరే ఫోన్ చేయండి. ఈసారి ఎవరిది గెలుపు అన్న ఊసెత్తకుండా, ఆఫీసుకు ఉత్తరం నువ్వు రాస్తావా నన్ను రాయమంటావా అని అడగండి. స్పీకర్ పెట్టి, నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. పరీక్ష కాగితాలు ఏ సంవత్సరంవి ఎక్కడున్నాయో ఆయనకే తెలుసు.